సీమోను అతికించిన దేశాలు

మా హైస్కూల్లో చరిత్ర చెప్పడానికి నేను డెబ్బై నాలుగులో చేరాను. జహనుమా సందుల్లో ఉన్న నాలుగు గదుల బడికి ప్రపంచ పటం ఒక్కటే ఉండేది. మడతల దగ్గర చిరిగి, హిందూ మహాసముద్రం సగం ఊడిపోయింది. గోడకు తగిలిస్తే పిల్లలు నవ్వేవారు. కొత్తది రాదని హెడ్మాస్టరుగారు ముందే చెప్పేశారు.

"ఫలక్‌నుమా టేషన్ ఎనక సీమోను ఉంటడు, గాయనకియ్యి సార్. బట్ట అతికిచ్చి ఇస్తడు" అన్నది అటెండరు సుందరమ్మ.

సీమోనుకు అప్పటికి యాభై దాటాయి. సన్నటి మనిషి, గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఎండిన మైదా జిగురు. రేకుల షెడ్డులో తలుపంత బల్ల ఉండేది. దాని మీద తెల్లటి నూలుబట్ట బిగించి పరిచి, జిగురు పూసి, తడిపిన పటాన్ని దాని మీదకు దించేవాడు. తడిసిన కాగితం చేతిలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టేవాడు. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవాడు. ఆరాక వార్నిష్ పూసి, పైనా కిందా కర్రలు కొట్టి ఇచ్చేవాడు. పాతబస్తీ బడుల పటాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆ బల్ల మీద పడుకుని లేచినవే.

మా పటం విప్పి చూసి, ఆయన నన్నొక మాట అడిగాడు.

"అతికిచ్చుడు అయితది సారూ. రంగులేం జెయ్యాలె?"

"రంగులేంది?"

"ఇది పాతది. ఆఫ్రికల ఇంగ్లీషోళ్ళ ఎరుపు గట్లనే ఉన్నది. గా దేశాలన్ని వాళ్ళ చేతులకెల్లి పోయినయి గద. వేరే బడులకు రంగు కాయితం కోసి మీదికెల్లి అతికిచ్చిన."

ఆయన అయిదో తరగతి వరకే చదివాడు. కానీ చాయ్ హోటల్లో తెలుగు పేపరు వదలకుండా చూసేవాడు. ఏ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందని చదివినా ఆ కత్తిరింపు తెచ్చి బల్లకింద డబ్బాలో దాచేవాడు. మరుసటి ఏడాది పోర్చుగీసువాళ్ళు మొజాంబిక్, అంగోలా వదిలిపోయినప్పుడు, నేను చెప్పకముందే పటాన్ని తీసుకురమ్మని కబురు పెట్టాడు.

ఆ రోజు పోర్చుగీసువాళ్ళ ఆకుపచ్చ మీద కొత్త కాగితం ఒత్తుతూ అడిగాడు.

"ఒక్కటి చెప్పు సారూ. గింతింత దేశాలు పట్టుకున్నోళ్ళు ఎందుకు ఇడిసిపెడుతున్నరు? గిది ఏడ మొదలైంది?"

అలా మా శనివారాలు మొదలయ్యాయి. ఒంటిపూట బడి అయ్యాక నేను షెడ్డుకు వెళ్ళేవాణ్ణి. పిల్లలకు రెండు పీరియడ్లలో ముగించే పాఠం ఆయనకు చెప్పడానికి నాలుగు వారాలు పట్టింది. రెండు వందల ఏళ్ళ కిందట ఐరోపాలో కొందరు ఆలోచనాపరులు, రాజును దేవుడు పంపలేదనీ, మనిషి తన బుద్ధితో మంచిచెడ్డలు తేల్చుకోగలడనీ రాశారు. అదే కాలంలో రాజ్యాలు ఒకదానితో ఒకటి యుద్ధాలు చేసి చేసి ఖజానాలు ఊడ్చుకున్నాయి. ఆ భారం ఇంగ్లీషువాళ్ళు అమెరికాలోని తమవాళ్ళ మీదే పన్నులుగా వేశారు. మమ్మల్ని అడగకుండా ఎలా వేస్తారని వాళ్ళు తిరగబడ్డారు. వాళ్ళకు సాయం చేసిన ఫ్రెంచి రాజు దివాలా తీశాడు. చివరికి ఆయన ప్రజలే లేచి, మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛ గలవారు, హక్కుల్లో సమానులు అని ప్రకటించారు.

"మంచిగ రాసిండ్రు" అన్నాడు సీమోను.

"రాసిండ్రు. గని వాళ్ళకు సముద్రం అవతల ఒక చక్కెర దీవి ఉండె. ఆఫ్రికా నుంచి తెచ్చిన అయిదు లక్షల మంది బానిసలు అక్కడ చెరుకు నరుకుతుండె. వాళ్ళను ఆ లెక్కల వెయ్యలె."

సీమోను చేయి ఆగింది. "మరి వాళ్ళు?"

"విన్నరు. ఆ మాటలు ఓడలెక్కి ఆడికి గూడ పోయినయి. తిరగబడి, పదమూడేండ్లు కొట్లాడి, ఆ దీవిల తమ సొంత దేశం పెట్టుకున్నరు. హైతీ."

ఆయన భూతద్దం పెట్టి వెతికాడు. చిటికెన వేలి గోరంత ఉంది. "గింతేనా" అని, దాని మీదున్న దుమ్మును బట్ట కొసతో తుడిచాడు.

విన్నదంతా సాయంత్రం ఇంట్లో మాణిక్యమ్మకు చెప్పేవాడట. ఆమె సీమోను భార్య. చార్మినార్ గాజుల దుకాణాలకు లక్కగాజుల మీద అద్దాలు అతికేది. చదువు రాదు. చర్చిలో పాటలన్నీ నోటికి వచ్చు, కానీ బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పేజీ తిప్పేది సీమోనే. పిల్లలు లేరు. ముప్పై ఏళ్ళుగా ఒకరికొకరు.

తరువాతి శనివారం ఆయన కొంచెం మొహమాటపడ్డాడు. "మా ఆమె అడగమన్నది సారూ. గా హక్కుల కాయితం రాసినప్పుడు ఆడోళ్ళను లెక్కల ఏసిండ్రా?"

ఆ పాఠం అప్పటికి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో, నాకు ఆ ప్రశ్నే రాలేదు. అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి వెళ్ళి రెండు ఆదివారాలు వెతికాను. వెయ్యలేదు. ఆడవాళ్ళ హక్కులు ఇవీ అని ఒకామె రాస్తే, రెండేళ్ళ తర్వాత ఆమె తల తీశారు. ఆ సంగతి నేనే వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. మాణిక్యమ్మ గాజు మీద నుంచి చూపు ఎత్తలేదు. "పాపం, ఆమెకు చదువచ్చు" అని మాత్రం అంది.

డెబ్బై ఎనిమిది చివర్లో బస్తీలో పెద్దవాళ్ళకు చదువు చెప్పే కేంద్రం తెరిచారు. ఆడవాళ్ళకు సాయంత్రం అయిదు నుంచి ఏడు. మాణిక్యమ్మ పోతానంది. ఆ మర్నాడు సీమోను ముఖం ముడుచుకుని బడికే వచ్చాడు.

"నువ్వు చెప్పిన ముచ్చట నా మీదికే వచ్చింది సారూ. గా టైముకు వంట ఎవరు చేస్తరని అన్న, గంతే. 'నీ ఫ్రెంచోళ్ళు గూడ గిట్లనే అన్నరు గావచ్చు, చెరుకు ఎవరు నరుకుతరని' అన్నది. లొల్లి చెయ్యలె, మెల్లగనే అన్నది."

"నువ్వేమన్నవు?"

"ఏమంట? అన్నం ఎసరు ఎంత పెట్టాలెనో చెప్పుమన్న."

మొదటి వారం అన్నం మాడ్చాడు. రెండో వారం పప్పులో ఉప్పు మరిచాడు. ఆమె అదే తిని, కంచం కడిగాక, చింతపండు ఎప్పుడు వెయ్యాలో చెప్పేది. ఆయన పలక దగ్గర కూర్చుని ఆమె చేత 'క్ష' దిద్దించేవాడు. ఆమెకు 'క్ష' కుదరడానికి, ఆయనకు పచ్చిపులుసు కుదరడానికి ఒకే చలికాలం పట్టిందని ఇద్దరూ నవ్వుతూ చెప్పేవారు.

ఎనభైలో రొడీషియా పేరు మారింది. అప్పటికి సీమోనుకు కంట్లో పువ్వు ముదురుతోంది. రంగు కాగితం కోయగలిగాడు కానీ పేరు రాయలేకపోయాడు. మాణిక్యమ్మ గాజుల బల్ల జరిపి, సన్న కుంచె తీసుకుంది. అద్దం ముక్కలు అతికిన చేయి, వణకలేదు. 'జింబాబ్వే' అని కాస్త కుడికి ఒరిగిన అక్షరాలతో రాసి, ఆయన వైపు చూసింది.

"మంచిగున్నదా?"

ఆయన పటానికి ముక్కు ఆనించి చూశాడు. "వత్తు జర పెద్దగైంది" అన్నాడు. తల ఎత్తి, "ఉండనీ. ఎనక బెంచి పిల్లలకు గూడ కనవడతది" అన్నాడు.

ఆ పటం పెట్టి మూడేళ్ళు పాఠం చెప్పాను. ఆ అక్షరాలు ఎవరివని ఒక ఆడపిల్ల అడిగితే, మాణిక్యమ్మను క్లాసుకు పిలిచాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నిలబడే చెప్పింది. జిగురు ఎలా కాచాలో చెప్పింది. హైతీ ఎక్కడుందో చూపించింది.

ఎనభై మూడులో నాకు నల్లగొండకు బదిలీ అయింది. చెప్పిపోదామని షెడ్డుకు వెళ్ళాను. సీమోనుకు ఒక కన్నే పనిచేస్తోంది. బల్ల మీద పసిఫిక్ మహాసముద్రం తడిగా పరిచి ఉంది. ఆమె ఒక్కో దీవి పేరు కూడబలుక్కుని చదువుతోంది. ఆయన అది ఎక్కడుంటుందో వేలితో తడిమి, గాలి బుడగలను నెమ్మదిగా అంచుకు తోస్తున్నాడు. ఒక చిన్న దేశం పేరు దగ్గర ఆమె తడబడింది.

"ఇదేంది, తువా... తువాలు?"

"నాకేమెరుక" అన్నాడు సీమోను. "నువ్వే చదువు, వింట."