సముద్రం వైపు జానెడు

మొన్న కొట్లో అటక ఎక్కి, పిల్లల చెప్పుల పెట్టె ఒకటి కిందికి విసిరాను. కింద మా అమ్మాయి రెండు చేతులూ చాపి నిలబడే ఉంది. పెట్టె మాత్రం ఆమెకు జానెడు పక్కగా పడింది. మూత ఊడి, చెప్పులు చెరో మూలకీ పోయాయి. "ఏటి నాన్నా, ఎప్పుడేసినా అటేపే ఏత్తావు?" అంది. చూస్తే అటువైపు తూర్పు. పలాస బజారులో, నాలుగు గోడల మధ్య, ఫ్యానైనా తిరగని కొట్లో నిలబడి నేను సముద్రపు గాలికి లెక్క కట్టానన్నమాట. అమ్మాయికి అదంతా ఏం చెప్పను? కళ్లజోడు మార్చాలని చెప్పి తప్పించుకున్నాను.

మాది నాన్న నాటి నుంచీ చెప్పుల కొట్టే. మా ఇంట్లో పిల్లలకు మాటల కంటే ముందు బేరం వస్తుంది. చిన్నప్పుడు అమ్మ రెండు ముద్దలు తినమంటే ఒకటిన్నరకు ఒప్పించి, ఆ అర ముద్ద గెలిచినందుకు ఊరంతా చెప్పుకు తిరిగేవాడినట. అటువంటి నన్ను ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి కొట్లో కట్టేసినా ఉండనిచ్చేది కాదు మా మేనమామ గారి ఊరు. ఉద్దానంలో, కొబ్బరితోటలూ జీడితోటలూ దాటి, ఇసుక మొదలయ్యే చోట ఉంటుంది. మామయ్య కొడుకు నాకు బావ. నన్నూ బావా అనే పిలిచేవాడు. తొంభైల చివర్లో మేమిద్దరం ఇరవైకి అటూ ఇటూగా ఉన్నాం. అతను దూలమంత పొడుగు. నేను ఆ దూలానికి ఆనించిన పీట.

తోటకీ సముద్రానికీ మధ్య ఇసుకలో వాలీబాల్ ఆడేవాళ్లం. నెట్టు చేపలు పట్టేవాళ్లు అల్లిచ్చింది. ఎంత ఉతికినా నీచు వాసన పోయేది కాదు. బావ షూటరు. పొట్టివాడిని గనక నన్ను లిఫ్టరుగా పెట్టారు. బంతిని నెట్టు అంచుకు లేపి పెట్టడం నా పని, ఎగిరి అవతలి వాళ్ల నెత్తిన కొట్టడం అతని పని. చప్పట్లన్నీ కొట్టినవాడికే. మా కొట్లోనూ అంతే, చెప్పుల్ని మెచ్చుకుంటారు గానీ అటక ఎక్కి దించినవాణ్ణి ఎవరు మెచ్చుకుంటారు?

అయితే ఆ లిఫ్టులో ఒక కిటుకు ఉంది. మధ్యాహ్నం తిరిగాక సముద్రం మీద నుంచి గాలి పడుతుంది. బంతిని నిటారుగా లేపితే అది తోటలోకి పోతుంది. అందుకని జానెడు సముద్రం వైపుకు వదిలేవాణ్ణి. గాలి దాన్ని మోసుకొచ్చి బావ అరచేతి ముందు పెట్టేది. బావ కూడా బంతిని చూసి ఎగిరేవాడు కాదు, గాలి దాన్ని ఎక్కడికి తెస్తుందో అక్కడికి ఎగిరేవాడు. మా ఇద్దరికీ మధ్య ఒక్క మాట అక్కర్లేదు. టెక్కలి నుంచి వచ్చే జట్టు వాళ్లు "ఆ బంతిలో దెయ్యం ఉందిరా" అని తిట్టుకునేవారు.

ఒకసారి మా ఆట చూసిన కోచ్ గారొకరు బావను విశాఖలో సెలక్షన్‌కు రమ్మన్నారు. కుదిరితే హాస్టల్లో ఉండి ఆడొచ్చు, ముందుముందు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. బావ నన్ను కూడా లాక్కుపోయాడు. పైకప్పున్న స్టేడియంలో ఆడడం మాకు అదే మొదలు. నేను అలవాటు కొద్దీ జానెడు పక్కకు లేపాను. గాలి లేదు. బంతి అక్కడే ఉంది. బావ ఎప్పటిలాగే అది రావలసిన చోటికి ఎగిరి, ఉత్త గాల్లో ఫెడీమని కొట్టాడు. గ్యాలరీలో ఒకటే నవ్వు. రెండోసారీ అంతే. మూడోసారి నేను నిటారుగా లేపితే, పక్కకు వస్తుందనుకుని అతను పక్కకు ఎగిరాడు. కోచ్ గారు నన్ను పక్కన కూర్చోబెట్టి వేరే లిఫ్టరును పెట్టారు. కాసేపటికి బావ చేయి కుదిరింది. ఆ తరువాత కొట్టిన ప్రతి దెబ్బా రేకుల కప్పు మీద కొబ్బరికాయ రాలినట్టు మోగింది. నా లిఫ్టు లేకుండా. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

బావకు హాస్టల్లో చోటు దొరికింది. వచ్చే ఆదివారం పొద్దుటికి వచ్చి చేరాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామన్నారు. అదే ఆదివారం సాయంత్రం మామయ్య గారి ఊళ్లో టెక్కలి వాళ్లతో ఫైనల్. "ఇతగాడ్ని కూడా తీసుకోండి సార్, లేకపోతే నానూ రాను. మా ఊరి ఆట కూడా ఉంది" అన్నాడు బావ. నాలోని కొట్టువాడు లేచాడు. "మాది చెప్పుల కొట్టు సార్, జత విడదీసి ఇవ్వం" అన్నాను. ఆయన నవ్వి, "నాకు కుడికాలిదే కావాలి బాబూ" అన్నారు. ఎక్స్‌ట్రా ప్లేయరుగానైనా ఉంటానన్నాను, చివరికి తువ్వాళ్లు మోస్తానన్నాను. బేరం తెగలేదు.

తిరుగు రైల్లో రెండో బేరం, ఈసారి బావతో.

"నాను ఎల్నురా బావా. ఊరోల్లకి ఏటి సెప్పను?"

"నాను సెప్తాను. నువ్వు ఎల్లు."

"ఈ ఫైనల్ ఒగ్గీసి ఎల్తే మొకం ఎలా సూపించను?"

"ఇసకలో ఆడితే ఇసకే మిగుల్తాది బావా."

అతను కిటికీ దగ్గర నుంచి నాకేసి తిరిగాడు. "నాను లేకపోతే నువ్వు లిఫ్టు ఎవులికి ఇత్తావు?"

ఆ ఒక్క క్షణం బేరం నా చేతిలో ఉంది. ఎవరికీ ఇవ్వనంటే చాలు, అతను ఉండిపోయేవాడు. "గాలికి ఇత్తాను" అన్నాను. ఏటా వేసవిలో ఒకసారి వచ్చి ఆ ఇసుకలో నా లిఫ్టుకు కొట్టాలని షరతు పెట్టాను. ఒప్పుకున్నాడు. శనివారం సాయంత్రం పలాస స్టేషన్లో రైలెక్కించాను. నాన్న కొట్లోంచి బూట్లు ఇచ్చాడు. బేరం లేకుండా మా గుమ్మం దాటిన జత అదొక్కటే.

ఆదివారం మేం ఓడిపోయాం. నేను జానెడు సముద్రం వైపు లేపుతూనే ఉన్నాను, అందుకునే చేయి లేదు. గట్టు మీది నుంచి ఎవరో "సెప్పులమ్ముకునీవోడు ఆటగాణ్ని కూడా అమ్మీసినాడ్రా" అని అరిస్తే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అది నాకు తెలిసిన విద్యే. ఓడిన ఊరివాళ్లు మరుసటి ఏడు గెలిచిన ఊరికి వెళ్లి నెట్టు కట్టి, సున్నంతో గీతలు గియ్యాలని అక్కడ ఆనవాయితీ. అలా మరుసటి ఏడు నేను టెక్కలి వెళ్లి వంగి గీతలు గీస్తుంటే, పక్కనే సున్నం బకెట్టు పట్టుకున్న మామయ్య "ఆడు ఉత్తరం రాసినాడు. బాగున్నాడంట" అన్నాడు. బకెట్టు నా దగ్గరికి జరిపాడు.

మాట ప్రకారం వేసవిలో బావ వచ్చాడు. మనిషి ఇంకా పెరిగినట్టున్నాడు. ఊరంతా ఇసుకలో చేరింది. నేను పాత చేత్తో, పాత జానెడు పక్కకు లేపాను. గాలి నమ్మకంగా బంతిని తెచ్చింది. బావ బంతిని చూసి ఎగిరాడు. నేను వదిలిన చోటికి ఎగిరాడు. బంతి అతని చెవి పక్క నుంచి తోటలోకి పోయింది. పైకప్పు కింద ఆడీ ఆడీ అతని ఒంట్లోంచి ఆ గాలి వెళ్లిపోయింది. అతనికి మాత్రం ఆ సంగతి తెలియలేదు.

"ఏటి బావా, నీ లిఫ్టు వంకరైపోనాదేటి?" అన్నాడు నవ్వుతూ.

"అవును బావా. కొట్లో కూకోని కూకోని సెయ్యి పాడైపోనాది" అన్నాను. అక్కడి నుంచి గాలికి దొరక్కుండా నిటారుగా, కాస్త కిందగా లేపాను. అతను కొట్టాడు, జనం కేకలు వేశారు. నీచు వాసన నెట్టు, ఉప్పు గాలి, బావ నవ్వు అన్నీ ఉన్నాయి. ఆ ఇసుకలో మాటలు అక్కర్లేకుండా మేం ఆడిన ఆట మాత్రం లేదు.

ఆ తరువాత ఇంకో రెండు వేసవులు వచ్చాడేమో. ఉద్యోగం వచ్చింది, దూరపు ఊరు, పిల్లల చదువులు. అప్పుడప్పుడు ఫోన్ చేసి "మన లిఫ్టు ఎలాగుంది బావా?" అని అడుగుతాడు. నా బేరాలన్నిటిలో లాభమైనది అతని బతుకే. అందులో నా వాటా అడగాలని ఎప్పుడూ అనిపించలేదు. అటక మీది నుంచి పెట్టె వేసినప్పుడు మాత్రం తెలుస్తూ ఉంటుంది. ఇన్నేళ్లయినా నా చేయి ఆ జానెడు సముద్రం వైపే వదులుతోంది, వదిలినదాన్ని ఇవతలికి తెచ్చి పెట్టే గాలి ఏ ఏడు ఆగిపోయిందో ఇంకా ఆ చేతికి ఎవరూ చెప్పలేదు.