దేవదాస్ కాక క్లచ్ వైద్యం

దేవదాస్ లెక్కలో ఈ లోకంలోని రోగాలన్నీ క్లచ్ పెడల్ దగ్గరే పుడతాయి. నస్పూర్ కాలనీలో ఎవరి కారు మొరాయించినా, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన ఈ పెద్దమనిషి ఆగమేఘాల మీద పరుగెత్తుకొస్తాడు. అడక్కుండానే డోరు తీసి, ఎడమకాలితో పెడల్ తొక్కుతాడు.

"గట్టిగుందా, కేబుల్ పట్టేసింది. కిర్రుమంటుందా, గ్రీజు లేదు. కాలు మొత్తం లేపినంకనే బండి కదులుతుందా, ప్లేటు అరిగింది!"

హారన్ మోగడం లేదన్నా ముందు క్లచ్చే తొక్కి చూస్తాడు. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు కంటే ముందే పూలకారెక్కి కూర్చుంటే, బ్యాండువాళ్లు ఆయనకే వాయించడం మొదలుపెట్టారు. "జర ఆగుండ్రి, పెడల్ సూడనియ్యుండ్రి!" అని వాళ్లనే కసిరాడు.

ఆ పొద్దున జ్యోతిరాణికి మనసు మనసులో లేదు. చెన్నూరు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది, బడి వేళకు అందే బస్సు లేదు. అందుకే కొత్తగా కారు నేర్చుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. పక్కసీట్లో కూర్చున్న భర్త రాకేశ్ షరతు పెట్టాడు.

"తొవ్వల బండి ఆగిందంటే చావి నాకియ్యాలె. నౌకరి ముచ్చట మర్చిపోవాలె."

దారి దాకా ఎందుకు, కాలనీ గేటు దగ్గరే కారు ఎగిరిపడి ఆగింది. ఆమె మళ్లీ స్టార్ట్ చేసింది. మళ్లీ ఆగింది.

"అయిపాయె! చావి ఇటియ్యి," అని రాకేశ్ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలోనే డోరు తెరుచుకుంది. ఇంకెవరు, దేవదాసే! ఆమెను దింపి, పెడల్ టకటకా తొక్కి, తలకొట్టుకున్నాడు.

"మెత్తగ జారుతుంది. ఆయిల్ లైన్ల గాలి చొచ్చింది! గిసొంటి క్లచ్‌తోని ఎసొంటి డ్రైవరుకైనా ఆగుతది. రాకేశూ, చౌరస్తాకు పోయి క్లచ్ ఆయిల్ పట్కరా. ఉరుకు కొడుకా!"

రాకేశ్ మలుపు తిరగ్గానే దేవదాస్ గొంతు తగ్గించాడు. "క్లచ్ బంగారమసొంటిది బిడ్డా. నీ కాలే బుగులుపడి ఒక్కసారే లేస్తుంది. ఆడు అచ్చేదాంక మైదానంల తిప్పుదాం, పా. మడిమె కింద ఆనించు. బండి జర వణికిందంటే కాలు గాడనే ఆపు. గప్పుడు మెల్లగ వదులు."

మొదట కారు కుందేలులా గెంతింది. తర్వాత నడిచింది. ఆ తర్వాత పరుగెత్తింది. "మామా, నాకొచ్చింది!" అని జ్యోతిరాణి కేక పెట్టింది.

రాకేశ్ చెమటలు కక్కుతూ వచ్చేసరికి కారు గేటు దగ్గర బుద్ధిగా నిలబడి ఉంది. దేవదాస్ బానెట్ ఎత్తి నాలుగు చుక్కలు పోసి, "ఇగ ఫికర్ లేదు" అన్నాడో లేదో, పక్కవీధిలో ఎవరిదో కారు మొరాయించింది. అటు పరుగెత్తాడు.

చెన్నూరు రోడ్డు మీద కారు ఎక్కడా ఆగలేదు. రాకేశ్ సీట్లో వెనక్కి వాలి పెద్దరికంగా చెప్పాడు.

"కాక చెయ్యి మంచిది. నేను నేర్సుకున్నప్పుడు గూడ అచ్చం గిట్లనే లైన్ల గాలి చొచ్చింది. మా బాపును ఆయిల్ కోసం ఉరికించిండు. ఆయిల్ పోసినంక మల్ల ఎన్నడు ఆగలే!"

జ్యోతిరాణికి ఆ ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "అవునా?" అని, నవ్వు పంటికింద నొక్కిపెట్టి గేరు మార్చింది.