ఒక చెయ్యి లేని స్వెట్టరు

1969 డిసెంబరులో తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చుని స్వెట్టరు అల్లుతున్నాను. సిమ్లాలో ఉన్న నా స్నేహితురాలూ నేనూ ఏటా చేత్తో చేసినదొకటి ఒకరికొకరం పంపుకునేవాళ్లం. ఆరేళ్లు సాగింది. తర్వాత రెండేళ్లు నేను పంపడమే గాని, అటు నుంచి ఉత్తరం కూడా లేదు.

"ఈ ఉన్ని చొక్కా మన ఉక్కలో ఎవరికమ్మా?" అంది పక్కన ఖాళీ చేపలబుట్టతో కూర్చున్న పెద్దావిడ.

ఇంట్లో కూడా చెప్పని సంగతంతా ఆవిడకు చెప్పాను.

"మొత్తం నువ్వే అల్లేస్తే ఆవిడకేం పనుంది? పెట్లో దాచుకుంటది. ఒంగోలు అవతల ఇచ్చిన మా చెల్లికి వల పంపితే, ఆఖరి వరసలు అల్లకుండా దారపుండ కట్టి పంపుతాను. అనుమానమొస్తే కబురెడతది. తిడతానే పెడతదనుకో."

ఆవిడా అదే బండెక్కి, రేపల్లెలో దిగి వెళ్లిపోయింది. పేరడగలేదు.

స్వెట్టరుకు ఎడమ చెయ్యి అల్లకుండా, మిగిలిన ఊలు కలిపి పార్సిలు కట్టాను. డెబ్భై మూడో రోజున కార్డొచ్చింది. క్షేమ సమాచారాలేవీ లేవు. "మణికట్టు దాకా వచ్చేసరికి ఎన్ని కుట్లు తగ్గించాలి?" అని ఒకటే వాక్యం.

పద్నాలుగు అని రాసి ఆ మధ్యాహ్నమే పోస్టు చేశాను.