వెండిరంగు పూసిన ప్లేట్లు

ఆయుధపూజ అంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కోపం దేవుడి మీద కాదు, పెయింటు డబ్బా మీద.

యానాం నుంచి పుదుచ్చేరి వచ్చిన కొత్తలో, కిరుమాంబాక్కం దారిలో ఉన్న ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. ఆ ఏడు పూజకని అంతా శుభ్రం చేశారు. యార్డులో పడున్న ఉక్కు ప్లేటు ముక్కల్ని కూడా వదల్లేదు మహానుభావులు. వైర్ బ్రష్‌తో తుప్పు గీకేసి, అన్నిటికీ తళతళలాడే వెండిరంగు కొట్టి, గంధం బొట్లు పెట్టారు. తుప్పుతో పాటు, ఏది ఏ రకం ఉక్కో తెలియడానికి ముక్కల మీద గీసిన పసుపురంగు గీతలూ పోయాయి. ఆ గీత ఉంటే క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు. లేకపోతే మామూలు ఉక్కు. వెల్డింగ్ లెక్కలో ఈ రెండూ వేరు వేరు గుంపులు. గీత ఉన్నదాన్ని ముందు కాచి, అతికాక మళ్లీ కాచి, మెల్లగా చల్లారనివ్వాలి. మామూలు ఉక్కులా అతికేస్తే అతుకు పక్కనే పగుళ్లు పుడతాయి. ఆవిరి ఒత్తిడికి ఆ పగులు విచ్చుకుంటే పక్కనున్నవాళ్ల పని అంతే.

మేం చేయాల్సింది బట్టల అద్దకం షెడ్డుకు ఆవిరి ట్యాంకు. దాని పక్కన రోజంతా ఆడవాళ్లు నిలబడి పనిచేస్తారు.

"లోహంలో ఏమేం కలిసాయో చూసే మిషన్ అద్దెకు తెప్పించండి, ఒక్కో ముక్కా పరీక్షిద్దాం" అన్నాను. ఓనరు నవ్వాడు. తాతల కాలం నుంచి ఈ ఊళ్లోనే ఉన్న తెలుగాయన మా మేస్త్రి. ఆయన జేబులోంచి అయస్కాంతం తీసి రెండు ముక్కలకు అంటించి చూపించాడు.

"రెండిట్నీ పట్టుకునె గదా సార్! ఇంకేంది తేడా? యాడ చదివినారు మీరు?"

అయస్కాంతం ఆ రెండు రకాలనూ పట్టుకుంటుందయ్యా అని మొత్తుకున్నాను. వింటేగా! ట్యాంకు కాగితాల మీద సంతకం పెట్టనని చెప్పేశాను.

"నువ్వు కాకపోతే ఇంకొకడు పెడతాడు" అన్నాడు ఓనరు, నుదుటి విభూతి సర్దుకుంటూ. ఛీ, ఇదేం బతుకు అనిపించింది.

టీ దగ్గర మాటల్లో ట్యాంకు ఏ షెడ్డుకు పోతుందో చెప్పాను. మేస్త్రి గ్లాసు కింద పెట్టేశాడు.

"అయ్యయ్యో, మా పాప పని చేసేది ఆడనే గదా సార్!"

మర్నాడే మిషన్ వచ్చింది. ఓనరుతో గొడవపడి తెప్పించింది ఆయనే. ట్యాంకుకు తీసి పెట్టిన ముక్కల్లో క్రోమియం ఉన్నవి బయటపడితే, బూతులు తిడుతూ వాటిని తన కాలితోనే అవతలికి తోశాడు. పోనీలే, బుద్ధొచ్చింది అనుకున్నాను.

ట్యాంకుకు సరిపడా ముక్కలు తేలగానే ఆయన మిషన్‌ను పెట్టెలో సర్దేశాడు. యార్డులో ఇంకా సగం ముక్కలు అలాగే మెరుస్తున్నాయి.

"మరి అవి?" అన్నాను.

"అవి వేరే ఆర్డరుకు గదా సార్."

"అక్కడ మీ పాప లేదని మీకేం తెలుసు?"

"లేదు సార్" అన్నాడు, పెట్టెకు తాడు కడుతూ. "విచారించినాను."