దువ్వితే పోయేవి

2008 మే 13, మంగళవారం. వనపర్తి, మా ఇంటి వరండా, ఆ తరువాత మా వీధి. ఉన్నవారు: నేను, నా చెల్లెలు, నా మనవరాలు, మా వీధి మంగలి. ఆ రోజు డైరీ మొదటి వరుసలో ఇంతే రాశాను. ఐదో మనిషి కూడా ఉంది. ఆమెను జాబితాలో చేర్చలేదు.

మరునాడు నా భార్య సంవత్సరీకం. పొద్దున్నే గద్వాల నుండి, నాగర్‌కర్నూల్ నుండి చుట్టాలు దిగుతారు. హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్న మనవరాలు రెండు రోజుల ముందే వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. బస్టాండులో నేను గుర్తుపట్టలేదు. కళ్ళ చుట్టూ మందంగా కాటుక, గోళ్ళకు నల్ల రంగు, ఆ ఎండలో నల్ల బట్టలు. వాటన్నిటికంటే ముందు కనబడేది తల.

ఏ పనినైనా మొదటి నుండి చివరిదాకా చూసి రాసుకోవడం నా అలవాటు. సోమవారం ఆమె అద్దం ముందు కూర్చున్నప్పుడు వాచీ చూసుకున్నాను. డెబ్బై నిమిషాలు పట్టింది. నల్ల రంగు వేసిన జుట్టును చిన్న చిన్న పాయలుగా తీసి, ఒక్కొక్క పాయ కొస పట్టుకొని, దువ్వెనను కొస నుండి కుదుళ్ళ వైపుకు తోసింది. అందరూ చిక్కు తీయడానికి దువ్వుకుంటారు, ఈమె చిక్కు పెట్టుకోవడానికి దువ్వుకుంది. దాని మీద సీసాలోంచి చక్కెర నీళ్ళు చిమ్మింది, ఆ పైన డబ్బాలోంచి స్ప్రే కొట్టింది. ముందు జుట్టు ముళ్ళపంది వీపులా లేచి నిలబడింది. మెడ వెనుక మూడు పాయలను నెలల తరబడి విప్పనే లేదట. అవి ముద్దకట్టి తాళ్ళలా వేలాడుతున్నాయి.

"ఏందే పిల్లా ఇది?" అంది నా చెల్లెలు. భర్త పోయినప్పటి నుండి ఆమె నా దగ్గరే ఉంటోంది.

"గోత్ అంటరు, చిన్న నానమ్మా. ఇంగ్లీషు పాటలోళ్ళ ఫ్యాషన్."

"గోత్రం చెప్పమంటే తెల్వదు గని, గోత్ అట! అన్నా, బూజుకట్ట కొనేది తప్పింది పో. ఈ పిల్లను తిరగేసి పట్టుకుంటే ఇల్లంత దులపొచ్చు."

నేనూ నవ్వాను. పిల్ల నవ్వలేదు.

"పోయినేడు దవాఖానల నానమ్మకు చూపిస్తే, 'నీకు మంచిగనిపిస్తే ఉంచుకో బిడ్డా' అన్నది. నన్ను చూసి నవ్వనిది ఆమె ఒక్కతే. రేపు ఆమె ఫొటో ముంగట గిట్లనే కూసుంట. ఇది తియ్య తాతా."

చుట్టాలు వచ్చేలోపు అది మామూలు తల కావాలని నేను తీర్మానించాను. మంగళవారం పొద్దున మంగలికి కబురు పంపాను. మంగళవారం కత్తి పట్టనని మొదట రానన్నాడు. నా దగ్గర చదువుకున్నవాడు కనుక చివరికి వచ్చాడు. పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టాను. అతను వెనక్కి వెళ్ళి ఆ మూడు పాయలను ముట్టుకొని, నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేశాడు.

"సార్, ఇవి జడలు. ఎల్లమ్మ జడలు."

"చక్కెర నీళ్ళయ్యా. నా కళ్ళ ముందే చల్లుకుంది."

"అమ్మ ఎవలి తల మీదికి ఎట్ల వస్తదో మనకేం తెల్సు సార్? నేను కత్తెర పెట్ట. ఇంట్ల పిల్లలున్నోన్ని." పెట్టె మూసి వరండా చివరకు జరిగాడు.

నా చెల్లెలు నవ్వు ఆపేసింది. తలలో జుట్టు దానంతటదే జడ కడితే ఎల్లమ్మ ఆ మనిషిని కోరుకున్నట్టని, కోస్తే ఆ ఇంటికి కీడని మా వైపు నమ్మకం. పిల్ల మా ముఖాలు ఒకసారి చూసింది. తప్పించుకునే దారి దొరికింది.

"ఔ, అమ్మనే," అంది కళ్ళు దించుకొని. "రోజు కలలకొస్తుంది. కోస్తే మంచిగుండదు."

కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టడం నేను చూశాను. ముప్ఫై అయిదేళ్ళు సైన్సు పాఠం చెప్పినవాణ్ణి. అబద్ధాన్ని పట్టుకోవాలంటే కాదనకూడదు, అది పోయేంత దూరం పోనివ్వాలి.

"మంచిది. ఈ రోజు మంగళవారం. జడలు కట్టినామె గంప పట్టి అమ్మ పేర ఇంటింటా జోగు అడగాలి. అయిదిండ్లు తిరుగు."

"అన్నా, పిల్లనే గద, వద్దు," అంది చెల్లెలు. నేను లోపలి నుండి గంప తెచ్చాను. పిల్ల నుదుటికి పసుపు నేనే పూశాను. మూడో ఇంటికి ఏడుస్తుందని లెక్క వేసుకొని, పదడుగుల వెనుక నడిచాను.

మొదటి ఇంటామె చెంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతూనే గుప్పెడు జొన్నలు పోసింది. రెండో ఇంటి అరుగు మీది ముసలాయన, "ఓ సార్, చేన్ల దిష్టిబొమ్మను ఊర్లె తిప్పుతున్నవేంది? పిట్టలు పరేషాన్ గావా?" అన్నాడు. ఆ రెండూ పిల్ల ఓర్చుకుంది. మూడో ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఆ ఇంటి కోడలు పరుగున వచ్చి కాళ్ళ మీద పడింది. ఒళ్ళు కాలుతున్న పసివాణ్ణి ఎత్తి చూపి, "మూడు దినాలాయె తల్లీ, జరం దిగుతలేదు. జర చెయ్యి పెట్టు" అంది. పిల్ల చెయ్యి చాచింది. ఆ బిడ్డ నుదుటి మీద పెట్టి తీసి, నా వైపు తిరిగింది.

"ఇగ చాలు తాతా."

"ఇంకా రెండిండ్లున్నాయి," అన్నాను.

నాలుగో ఇంటి ముందు ఆమె ఎదురైంది. ప్రతి మంగళవారం మా వీధికి జోగుకు వచ్చే మనిషి. యాభై ఏళ్ళుంటాయి. నెరిసిన జడలు నడుము దాకా మందంగా, నులక తాళ్ళలా ఉంటాయి. చిన్నప్పుడే ఎల్లమ్మకు జోగినిగా విడిచిన మనిషి. ఆమె తన గంప దించి, పిల్ల వెనక్కి వచ్చి, ఆ పాయలను పట్టుకొని, వేళ్ళు వాసన చూసుకుంది.

"తియ్యగ వాసనొస్తుంది. ఎవలు జేసిండ్రు బిడ్డా నీకు గిట్ల?"

"నేనే చేసుకున్న, పెద్దమ్మా."

"నీకు నువ్వే జేసుకున్నవా?" ఆమె చాలాసేపు నవ్వింది. తలుపుల్లో నిలబడిన ఆడవాళ్ళు కూడా నవ్వారు. అప్పుడు ఆమె నా వైపు చూసింది. "సార్, నువ్వు చెప్పు. గియి జడలేనా?"

నేను గెలిచాను. వీధి మొత్తానికి వినబడేలా చెప్పాను: "కావు. నూనె పెట్టి దువ్వితే పోతాయి."

"దువ్వితే పోతయా," అంది ఆమె. నవ్వు ఆగిపోయింది. ఒక చెయ్యి తన మెడ వెనక్కి పోయింది. గంప ఎత్తుకొని, ఆ వీధిలో మిగిలిన ఇళ్ళు అడగకుండానే వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాక పిల్ల ముఖం కడుక్కుంది. దీపాలు పెట్టే వేళకు వచ్చి, "ఆమె నిన్ను అట్ల చూసిందేంది తాతా? నీకు ఎర్కేనా?" అంది.

ఎరుకే. నోటితో చెప్పలేక 1968 డైరీ తీసి ఇచ్చాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, పెద్దమందడి దగ్గరి ఒక పల్లెలో పంతులును. అందులో నా చేతిరాత ఇలా ఉంది: "మూడో తరగతి పిల్ల రెండు నెలల విషజ్వరం తరువాత బడికి వచ్చినది. తల దువ్వేవారు లేక మెడ వెనుక జుట్టు ముద్దకట్టినది. నూనె పెట్టి దువ్వితే పోవును. ఊరి పెద్దలు వచ్చి ఎల్లమ్మ జడలన్నారు. నేను మాట్లాడలేదు." దాని కింద ఎనిమిది రోజుల తరువాతి తేదీ: "ఆ పిల్లను అమ్మకు విడిచినారు. రిజిస్టరులో పేరు కొట్టివేసితిని."

పిల్ల రెండుసార్లు చదివింది.

"రాసి పెట్టుకున్నవ్," అంది. "అంతేనా?"

కొత్త ఉద్యోగమని, ఊరికి ఎదురు తిరిగితే ఉండనిచ్చేవారు కాదని చెప్పబోయాను. డైరీ నా ఒళ్ళో పెట్టి లోపలికి పోయింది.

బుధవారం పొద్దున నేను లేచేసరికి వరండాలో, పేపరు ముక్కలు కత్తిరించుకునే నా కత్తెర పక్కన మూడు నల్ల పాయలు పడి ఉన్నాయి. పిల్ల తలంటుకొని, మిగిలిన జుట్టు మెడ దాకా కురచగా, మెట్టు మీద కూర్చుని ఉంది. కింది మెట్టు మీద ఆమె. గంప లేదు, బుధవారం ఆమె జోగుకు రాదు.

"నూనె దే సార్. దువ్వు."

కొబ్బరి నూనె తెచ్చాను. పిల్ల ఆ జడలకు పట్టించి మొదలు నుండి దువ్వెన దింపబోయింది. దిగలేదు. బలంగా లాగితే రెండు పళ్ళు విరిగాయి.

"నిన్న పోతయంటివి గద సార్?"

"అప్పుడైతే పోయేవి."

"అప్పుడంటే ఎప్పుడు?"

నేను చెప్పలేదు. పిల్ల చెప్పింది. సంవత్సరంతో సహా, నేను రాసుకున్న మాటలతో సహా చెప్పింది. ఆమె తల వంచుకొని వింది. పిల్ల కత్తెర అందుకుంటే మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది.

"కొయ్యకు బిడ్డా. ఇవి పోతే నా గంపల గింజలెవలేస్తరు?"

లేచి, చీరకు అంటిన నూనె తుడుచుకుంది. పోతూ పోతూ పిల్ల కురచ జుట్టును అరచేత్తో నిమిరి, "నీకు మల్ల వస్తయిలే" అంది. నా వైపు చూడలేదు.

చుట్టాలు తొమ్మిదిన్నరకు దిగారు. పిల్ల ఇప్పుడు ఆడపిల్లలా ఉందని, తాత దగ్గర రెండు రోజులుంటే చాలు ఎవరైనా దారికొస్తారని అన్నారు.