చల్లారిన డబ్బా

నా ఉద్యోగం ఏమిటో మా గుడివాడలో అమ్మ ఎవరికీ పూర్తిగా చెప్పదు. "రీసెర్చి ప్రాజెక్టులో ఉన్నాడండీ" అని ఆపేస్తుంది. పొద్దున్నే ఊళ్ళు తిరిగి జనం ఒంటేలు పోగుచేయడం ఆ రీసెర్చిలో నా భాగం.

పని మాత్రం మంచిదే. తిన్నదీ, తాగినదీ, మింగిన మందూ ఒంట్లో అరిగాక మిగిలే రసాయనాలు మూత్రంలో కనిపిస్తాయి. ఏవి ఎంత ఉన్నాయో మిషన్ మీద చూసి, సూది గుచ్చకుండానే కిడ్నీ జబ్బుని ముందుగా పట్టుకోవచ్చా అన్నది పరిశోధన. తేడా కనిపించినవాళ్ళని బందరులో డాక్టరు దగ్గరికి పంపుతాం.

అవనిగడ్డ దాటాక ఒక ఊళ్ళో వరి రైతు ఒకాయన ఉన్నాడు. చుట్టరికం లేకపోయినా మావయ్యా అనేవాణ్ణి. మూత్రం పట్టివ్వడానికి డబ్బాలు పంచిన రోజు అరుగు మీద ఆయనా, భార్యా, పక్కింట్లో ఉండే బావమరిదీ బిగుసుకుపోయి కూర్చున్నారు. నవ్వించడం నా జబ్బు. దానికింకా పరీక్ష రాలేదు.

"మిషన్ దగ్గర ఏదీ దాగదు మావయ్యా. అత్తయ్యకి తెలీకుండా మీరేం పుచ్చుకున్నా పేరుతో సహా చెప్పేస్తుంది."

"అయితే దాన్ని మా ఇంట్లోనే పెట్టు బాబూ," అంది అత్తయ్య. బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. మావయ్య నవ్వలేదు. ఆయన మందు ముట్టడని ఊరంతా ఎరుగుదురు, అందుకే జోకు పేలలేదనుకున్నాను.

మర్నాడు పొద్దున్న పెరట్లోకి వెళ్ళి నిమిషంలో డబ్బా తెచ్చిచ్చాడు. చల్లగా ఉంది. అప్పుడే పట్టింది వెచ్చగా ఉంటుంది. ఈ విషయంలో నాకున్న అనుభవం ఎవరికీ అక్కర్లేదు గానీ, ఉంది.

"ఫ్రిజ్‌లోంచి తెచ్చారా ఏంటి మావయ్యా?"

"ఇందాకే పట్టి ఉంచాను అల్లుడూ. ఈ వయసులో నువ్వొచ్చేదాకా ఆగుద్దా?"

నవ్వేసి, ఆయన నంబరు అంటించి ఐస్ పెట్టెలో పెట్టుకున్నాను.

వారం తర్వాత ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. ఆయనదీ బావమరిదిదీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయట. రెండూ ఒకే మనిషివేమో, మళ్ళీ తెమ్మన్నారు. రెండు బస్సులు, ఒక ఆటో, పైన ఎండ.

"నేనే లేబుల్ తప్పు అంటించి ఉంటానండీ, ఒకటి తీసేయండి," అన్నాను. తప్పు నెత్తిన వేసుకున్నందుకు నా మీద నాకే కాస్త గౌరవం కలిగింది. వాళ్ళు తీసేసింది మావయ్య నంబరు.

ఏడాది తిరక్కముందే ఆయన బందరు ఆసుపత్రిలో కనిపించాడు. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. కిడ్నీలు దెబ్బతిన్నాయనీ, కాస్త ముందొస్తే బాగుండేదనీ డాక్టరు అన్నాడట. అత్తయ్య మందుల కోసం కిందికి వెళ్ళింది.

"మోకాళ్ళకి నొప్పి బిళ్ళలు అల్లుడూ. రోజుకి మూడూ, నాలుగూ. మానేశానని మీ అత్తయ్యకి ఒట్టేశాను. నువ్వేమో మిషన్ పేరుతో సహా చెప్పుద్దంటివి. బావమరిది చేతే రెండు డబ్బాలూ నింపించాను."

ఏదో ఒకటి అనడం నాకెప్పుడూ కష్టం కాదు. అప్పుడు మాత్రం ముందు ఆయన పక్కన కూర్చున్నాను.

"డబ్బా చల్లగా ఉన్నప్పుడే అనుమానమొచ్చింది మావయ్యా. ల్యాబ్ వాళ్ళు మళ్ళీ తెమ్మని ఫోన్ కూడా చేశారు. నేనే రాలేదు."

ఆయన పాదాల వంక చూసుకున్నాడు.

"ఎండలు కదా అప్పుడు," అన్నాడు.

తిట్టి ఉంటే బస్సెక్కి వెళ్ళిపోయేవాణ్ణి.

నర్సు వచ్చి పరీక్షకి డబ్బా ఇచ్చింది. రెక్క పట్టుకుని బాత్రూమ్ దాకా నడిపించాను. తలుపు బయట నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చి డబ్బా నా చేతిలో పెట్టాడు.

"ఈసారి నాదే. పట్టుకు చూసుకో."

వెచ్చగానే ఉంది. అడుగున కొంచెమే ఉంది.