చికాగోలో పిన్ని టీ తాగే శనివారాలు

పిన్ని పోయిందని బాబాయి ఫోన్ చేసినప్పుడు నేను చికాగో దగ్గరి నేపర్‌విల్ స్టేషన్లో ఆఫీసు రైలు కోసం నిలబడి ఉన్నాను. తెల్లవారేసరికి నిద్రలోనే అయిపోయిందన్నారు. నేనేదో అనేలోపే, ఆదివారం గుడి హాల్లో సంతాప సభ పెడుతున్నామని, వచ్చేవాళ్ళ భోజనాలకు ఏం చెప్పాలో తోచడం లేదని అన్నారు. "ఇలాంటివన్నీ ఆవిడే చూసుకునేది కదమ్మా" అన్నారు. నా రైలు వచ్చి వెళ్ళిపోయింది.

ఆ సభలో మాట్లాడినవాళ్ళందరూ పిన్నిని అన్నపూర్ణ అన్నారు. నేనెరిగిన మనిషి ఆ మాటల్లో ఎక్కడా కనిపించలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. గుంటూరులో మెడిసిన్ చదివి, డెబ్బైల్లో మిచిగన్ వచ్చింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు, డెట్రాయిట్‌లో ఆస్పత్రి. ఆపరేషన్‌కు ముందు మత్తు ఇచ్చే డాక్టరు. బాబాయి కార్ల కంపెనీలో ఇంజనీరు. పిల్లలు లేరు. బాబాయికి బయటి తిండి పడదు. పడదంటే జబ్బేమీ కాదు, మడీ కాదు. ఇంట్లో పిన్ని చేతి వంట తప్ప ఇంకేదీ గొంతు దిగదని పెళ్ళయిన కొత్తలో ఒకసారి అన్నారట. అందరూ ముచ్చటపడ్డారట. ఆ ముచ్చటే పిన్నికి జీవితమంతా డ్యూటీ అయింది. ఆస్పత్రిలో పొద్దుటి నుంచి నిలబడి, ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే కుక్కర్ పెట్టేది.

నేను ఉద్యోగానికి ఇల్లినాయిస్ వచ్చిన మొదటి వసంతంలో ఆమె ఫోన్ చేసింది. శనివారం చికాగో వస్తున్నానంది. కాన్ఫరెన్సా అని అడిగాను.

"కాదు. తినడానికి వస్తున్నా. చెప్పులేసుకుని రాకు, చాలా నడవాలి" అంది.

రైలు దిగగానే ఆమె చేసే మొదటి పని వాచీని గంట వెనక్కి తిప్పడం. మిచిగన్ కంటే చికాగో ఒక గంట వెనక. "ఈ గంట ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు" అనేది. అప్పుడు మొదలైంది. దాదాపు ప్రతి వసంతంలోనూ రెండు రోజులు.

పొద్దున్నే ఓవెన్లో పొంగించిన పాన్‌కేకులు పెట్టే చోటు. మధ్యాహ్నం ఒక పోలిష్ ముసలాయన హోటల్లో బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటివి, మీద వేయించిన ఉల్లిపాయలు. గ్రీకు హోటల్లో చీజ్ పళ్ళెం మీద మంట వెలిగించి తెస్తే ముఖం వెనక్కి తీసుకునేది కాదు, ఇంకా ముందుకు వంగేది. ఎక్కడికి వెళ్ళినా వడ్డించేవాళ్ళని, ఇక్కడ పని చేసేవాళ్ళు ఏం తింటారని అడిగి అదే తెమ్మనేది. ఒకసారి నేను మనవాళ్ళ హోటళ్ళుండే డెవాన్ అవెన్యూకు వెళ్దామా, ఇడ్లీలు బాగుంటాయని అన్నాను. నావైపు ఎంత జాలిగా చూసిందో. మిగిలినది డబ్బాలో కట్టించుకునేది కాదు. ఇంటికి తీసుకెళ్తే అది మళ్ళీ వంటే అవుతుందనేది.

శనివారం సాయంత్రం మాత్రం టీ. మిచిగన్ అవెన్యూ అనే పెద్ద వీధి పక్క సందులో ఒక పాత హోటల్. మెత్తటి కుర్చీలు, మూలన హార్ప్ వాయించే అమ్మాయి. మూడంతస్తుల పళ్ళెం తెచ్చేవాళ్ళు. కింద దోసకాయ శాండ్‌విచ్‌లు, మధ్యలో చిన్న బన్నుల్లాంటి స్కోన్లు, పైన వేలెడంత కేకులు. కింద నుంచి తినడం పద్ధతని నేను ఇంటర్నెట్లో చదివి చెప్పాను. పిన్ని పైనున్న నిమ్మకాయ కేకు తీసుకుని, "పై దాకా వెళ్ళేసరికి ఫోన్ వస్తుంది" అంది.

వచ్చేది. ప్రతిసారీ వచ్చేది. రెండు రోజులకు సరిపడా వండి, ఏ పూట ఏదో చెప్పి, ఫ్రిజ్ నిండా సర్ది వచ్చినా, పెరుగు ఎక్కడుందని బాబాయి అడిగేవారు. రెండో అరలో, పాల వెనకాల అని నెమ్మదిగా చెప్పేది. ఫోన్ పెట్టేశాక చల్లారిన కప్పు పక్కకు జరిపి కొత్తది పోసుకునేది. ఆమెకు కోపం వచ్చిందని నాకు అలాగే తెలిసేది.

ఆ ప్రయాణాల సంగతి పిన్ని వాళ్ళ ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ పాకింది. నేనూ వెళ్ళిన ఒక వ్రతంలో ఒకావిడ, డాక్టరు గారు మొగుణ్ణి వదిలేసి హోటళ్ళు తిరుగుతారటగా అంది. అందరూ నవ్వారు. పిన్నీ నవ్వింది. తర్వాత లేచి వెళ్ళి అందరికీ పులిహోర వడ్డించింది. అది చూస్తే నాకు ఒళ్ళు మండింది.

రిటైరయ్యాక, తిండికి పేరుపడ్డ న్యూ ఆర్లీన్స్‌లో వారం రోజులు ఉండాలని అనుకుంది. కానీ ఆ ఏడే బాబాయికి గుండె ఆపరేషన్ అయింది. ఉప్పు లేకుండా, నూనె లేకుండా మూడు పూటలా వండాలి. ఈ ఏడాది వద్దులే అంది. ఆయన కోలుకుని గోల్ఫ్ ఆడడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది కూడా వద్దులే అంది. ఆ చలికాలం వంటింట్లోనే ఆమెకు స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దయింది. పలచటివి తాగితే ఊపిరితిత్తుల్లోకి పోతాయని, నీళ్ళలో కూడా చిక్కబరిచే పొడి కలిపి ఇవ్వమన్నారు డాక్టర్లు.

చూడటానికి వెళ్ళాను. డైనింగ్ టేబుల్ మీద స్టీలు డబ్బాలు ఉన్నాయి. ఆ ఊళ్ళో ఒక ఆంటీ ఇళ్ళకు భోజనం పంపుతుంది. బాబాయి గుత్తివంకాయ కూర కలుపుకుని రెండోసారి అన్నం పెట్టుకున్నారు.

"బాగానే చేస్తుందమ్మా ఆవిడ. నేనే అనవసరంగా ఇన్నాళ్ళూ..." అని, ఆ మాట పూర్తి చెయ్యకుండానే ఇంకో ముద్ద తిన్నారు.

పిన్ని చక్రాల కుర్చీలో, మెడకు తుండు కట్టుకుని ఆయన ఎదురుగా ఉంది. నావైపు తిరిగింది. చాలాసేపు పెదవులు కూడదీసుకుని, "బాగుందట" అంది.

ఆ వసంతంలో నేనే డ్రైవ్ చేసుకుని వెళ్ళి ఆమెను చికాగో తీసుకొచ్చాను. ఇలాంటి స్థితిలో ఎందుకని బాబాయి అన్నారు. ఎడమ చేత్తో కోటు తనే లాక్కుంది. ఆయన కూడా వస్తానన్నారు. మొదటిసారి.

అదే హోటల్. పిన్ని టీలో నేను పొడి కలిపాను. గంజిలా చిక్కబడింది. చెంచాతో తాగింది. పళ్ళెంలో ఉన్నవేవీ ఆమె మింగలేదు. బాబాయి శాండ్‌విచ్ ఒకటి విప్పి చూసి, మళ్ళీ మూసి, చుట్టూ చూశారు.

"ఇదేనా? ఇన్నేళ్ళూ దీనికోసమేనా వచ్చింది?" అన్నారు. వెటకారం కాదు. నిజంగానే ఆయనకు తెలియలేదు.

నేను స్కోను విరిచి ఊరికే పట్టుకుని కూర్చున్నాను. పిన్ని తినలేనిది ఆమె ముందు తినాలనిపించలేదు. నా చెయ్యి తట్టింది. "నా కోసం కాదు" అని ఆగి, ఊపిరి తీసుకుని, "నీ కోసం తిను" అంది. తిన్నాను. మీగడ, జామ్ రాసుకుని, మొత్తం తిన్నాను.

సభలో బాబాయి, ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ తనను ఒక్క పూట కూడా బయట తిననివ్వలేదని చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. హాలంతా నిట్టూర్చింది. నన్ను మాట్లాడమన్నారు. మా పిన్నికి వంటంటే ఇష్టం లేదని చెప్పాను. ఎవరో వండి పెడితే కూర్చుని తినడం ఇష్టమని, ఎంతోమందిని క్షేమంగా నిద్రపుచ్చి లేపిన డాక్టరని, మేలైన టీ ఏదో వాసన చూసి చెప్పేదని చెప్పాను. మైకు తీసుకున్నాయన భోజనాలు సిద్ధంగా ఉన్నాయని ప్రకటించాడు.

పార్కింగ్‌లో బాబాయి నా కారు దాకా వచ్చారు. "నాతో ఎప్పుడూ అనలేదమ్మా" అన్నారు. మీరు ఎప్పుడైనా అడిగారా అన్నాను. తల అడ్డంగా ఊపారు. ఆయన మీద జాలి పడాలని నాకూ ఉంది. ఇంకా రావడం లేదు.

ఆ చివరి సాయంత్రం టీ అయ్యాక బాబాయి కారు తేవడానికి వెళ్ళారు. నేను పిన్ని కుర్చీ తోసుకుంటూ బయటికొచ్చాను. గాలి కోస్తోంది. నాలుగడుగులు వేశాక ఆమె చెయ్యెత్తి ఆపమంది. పక్కన చిన్న హోటల్. అద్దం అవతల ఒకావిడ ఒంటరిగా కూర్చుని సూప్ తాగుతోంది. పిన్ని వయసే ఉంటుంది. బల్ల కింద ఒక బూటు విడిచి, ఆ పాదాన్ని రెండో దాని మీద పెట్టుకుంది. రొట్టె తుంచి గిన్నె అంచంతా తుడిచి తింది, ఎవరివంకా చూడకుండా, ఏ తొందరా లేకుండా. వెళ్దామా పిన్నీ అన్నాను. "ఉండు" అంది. జనం మా ఇద్దరినీ తప్పించుకుని పోతున్నారు. లోపల ఆవిడ వేళ్ళు తుడుచుకుని, వడ్డించే అమ్మాయిని పిలిచి, మెనూ మళ్ళీ అడిగి తీసుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.